వైకుంఠం గోడ మీద కొడితే గిర్ని ఆగేది

ఉప్పుగూడ స్టేషన్ రోడ్డులో వైకుంఠం ఫోన్ల దుకాణానికీ వరమ్మ పిండి గిర్నికీ మధ్య ఒకటే గోడ. కరెంటు తీగ కూడా ఒకటే. గిర్ని తిరగడం మొదలైతే ఇవతల బల్బు ఎర్రబడేది, కంప్యూటర్ ఆగిపోయేది. అందుకే ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ మార్చే ఫ్లాషింగ్ పని ఉన్నప్పుడు వైకుంఠం స్క్రూడ్రైవర్‌తో గోడ మీద కొట్టేవాడు. వరమ్మ గిర్ని ఆపేది. జొన్నలు పట్టుకొని నిలబడ్డవాళ్లు ఇద్దరినీ తిట్టేవారు.

వైకుంఠం తొంభైలలో రేడియోలు బాగుచేసేవాడు. అవి రావడం తగ్గాక కోఠీలో ఫోన్లు బాగుచేసే చాంద్ భాయ్ పక్కన కూర్చొని ఫోన్ల పని నేర్చుకున్నాడు.

2008లో అఖిల ఒక పాత స్మార్ట్‌ఫోన్ తెచ్చింది. ఆమె తండ్రి బాలనర్సింహ మాదన్నపేటలో ఇళ్లకు పాలు పోస్తాడు. చెవులు పూర్తిగా పోయాయి. రేపు పాలు వద్దని, ఎక్కువ కావాలని ఫోన్‌లో చెబితే వినపడక ఇళ్లు ఒక్కొక్కటే మానేస్తున్నాయి. తెలుగు మాత్రం చదవగలడు. అందుకని మెసేజ్‌ల కోసం కొన్న ఫోన్ ఇది. లండన్ నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ సరుకు. ఆన్ చేస్తే అక్కడి నెట్‌వర్క్ కంపెనీ పేరు, తెలుగు మెసేజ్ వస్తే అక్షరాలకు బదులు వరసగా డబ్బాలు.

“ఈ డబ్బాలల్ల బాపు ఏం సదువుతడన్నా?”

“లోపలున్న సాఫ్ట్‌వేర్ లండన్‌ది. అది తీసి మన దేశంది ఎక్కియ్యాలె. కంపెనీ పేరు గూడ పోతది. నడుమ కంప్యూటర్ బంద్ అయితె ఫోన్ ఖతం. ఫికర్ చెయ్యకు, వరమ్మక్క ఉన్నది.”

గోడ మీద కొట్టాడు. గిర్ని ఆగింది.

అదే వేళకు బాలనర్సింహ బర్రెల దాణాకు మక్కలు పట్టించడానికి గిర్నికి వచ్చాడు. వరమ్మ అవతల బస్తా కడుతోంది. ఇంతమంది నిలబడితే గిర్ని ఊరికే ఉందేమిటనుకొని, సాయం చేద్దామని స్విచ్ వేశాడు.

“ఓ నర్సింహన్నా! వద్దు, వద్దు!”

అందరూ అరిచారు, ఆయన ఒక్కడికి తప్ప అందరికీ వినపడింది. ఇవతల కంప్యూటర్ ఆరిపోయింది. ఫోన్ నల్లబడింది. వరమ్మ బస్తా వదిలి వచ్చి గిర్ని ఆపింది.

అఖిల పరుగున గిర్ని దగ్గరికి వచ్చింది. ఆమె మొహం చూసి ఆయన వీధంతా వినపడేలా అడిగాడు: “నా ఫోనేనా? నేనే సంపుకున్ననా?”

వైకుంఠం బ్యాటరీ తీశాడు, తుడిచి మళ్లీ పెట్టాడు, కేబుల్ మార్చాడు, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాడు. కంప్యూటర్ తెర మీద ఫోన్ పేరు కనిపించింది. “జాన్ హై,” ప్రాణం ఉందన్నాడు, చాంద్ భాయ్ లాగే. గిర్ని వెయ్యొద్దని మళ్లీ గోడ మీద కొట్టాడు.

ఈసారి వరమ్మ స్విచ్‌బోర్డుకు వీపు ఆనించి నిలబడింది. క్యూలో ఒక్కరూ తిట్టలేదు.

ఫోన్ వెలిగింది. లండన్ కంపెనీ పేరు లేదు. ఏం రాయాలో వరమ్మ గిర్ని కిటికీలోంచి చెప్పింది, వైకుంఠం తన ఫోన్‌లో కొట్టి పంపాడు. బాలనర్సింహ అరచేతిలో ఫోన్ వణికింది. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కొని పైకి చదివాడు:

“ఇంకోసారి... నా స్విచ్... ముట్టకు.”

క్యూ అంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆయన వెళ్లి వైకుంఠం రెండు చేతులూ పట్టుకున్నాడు. వైకుంఠం వరమ్మను చూపించాడు, వరమ్మ క్యూను చూపించింది. బాలనర్సింహ బస్తాలతో నిలబడ్డ ఒక్కొక్కరికీ దండం పెట్టుకుంటూ వెళ్లాడు.

పని అయిపోయిందని వైకుంఠం గోడ మీద కొట్టాడు. వరమ్మ పక్కకు జరిగి, స్విచ్ వెయ్యమని బాలనర్సింహకే సైగ చేసింది.