గద్వాల సర్వర్ లేచిన పూట

మా కంటి దవాఖానకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో శాఖలుండేవి. ఒక్కో చోట ఒక్కో సర్వర్. ఒకచోట ఎక్కించిన రోగి వివరం ఫోన్ లైన్ మీదుగా మిగతా రెండింటికీ నకలు వెళ్లేది. మూడింటిలో గద్వాలది పెద్ద. అది ఏది చెబితే మిగతావి అదే రాసుకునేవి. కంప్యూటర్ల బాధ్యత నాది, నేనుండేది వనపర్తిలో.

ఆ వేసవిలో గద్వాల సర్వర్ ఆగిపోయింది. వెంటనే వనపర్తి సర్వర్‌కు పెద్దరికం అప్పగించాను. పని ఒక్క పూట కూడా ఆగలేదని నాకు పట్టరాని సంబరం. ఆ రోజుల్లోనే గట్టు అనే ఊరి నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి వెయ్యాల్సిన లెన్స్ కోసం గద్వాలలో తీసిన కొలత తప్పని తేలితే, మా దగ్గర మళ్లీ తీశారు. మర్నాడే గద్వాలలో ఆపరేషన్. లెన్స్ నంబరు తెర మీద చూస్తే తప్ప డాక్టరుగారు ఒప్పుకోరు.

ఆమె గద్వాల బస్సెక్కిన రోజు మధ్యాహ్నం అక్కడి కంప్యూటర్ ఆపరేటర్ ఫోన్ చేశాడు. నా ఈడువాడే.

"సాబ్, దావత్ ఇయ్యాలె. మన పెద్దాయన లేచి కూసున్నడు. లైన్ కలుపుతున్న."

"ఆగు భాయ్" అనేలోపే పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎంగేజ్. ఆ సర్వర్ ఇంకా తానే పెద్దననుకుంటుంది. కలిసిందంటే తన పాత వివరాలే అందరి మీదా రుద్దుతుంది. కొత్త కొలత ఎక్కడా మిగలదు.

అంతలో సర్వర్‌ను ఫోన్ లైన్‌కు కలిపే మా మోడెం కూయడం మొదలుపెట్టింది. ఒక్క ఉదుటున వెళ్లి తీగ పీకేశాను. పక్క గదిలోని ఫోన్‌తో నాగర్‌కర్నూల్ ఆపరేటరమ్మకు చేశాను.

"మీ సర్వర్ తీగ పీకమ్మా, జల్ది."

"పీకితె గద్వాల ఆపరేటర్ సారు నన్ను తిడ్తడు."

"ఆ తిట్లు నేను పడ్త. పీకు."

పీకింది. మా తెర మీద చూశాను. కొత్త కొలత చెక్కుచెదరలేదు. కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

కాసేపటికి గద్వాల నుంచి ఫోన్. "ఏంది సాబ్, ఎవలూ ఎత్తుతలేరు?"

"ఎత్తొద్దనే. ముందు దాన్ని మొత్తం ఖాళీ చెయ్యి. చిన్నదాని లెక్క చేర్చు, మా నకలు తీసుకోనియ్యి."

"పెద్దాయనను చిన్నోణ్ణి చేస్తమా?"

"జబ్బు చేసి లేచినోడు ఇంట్ల ఏం జరిగిందో అడుగుతడు భాయ్. హుకుం చెయ్యడు."

పకపకా నవ్వి, చెప్పినట్టే చేశాడు. నేను తీగ పెట్టాను. నకలు మెల్లగా వెళ్తుంటే గదిలో పచార్లు చేశాను. సాయంత్రం అతను లెన్స్ నంబరు చదివి వినిపించాడు. కొత్తదే. అతని వెనక నుంచి ముసలమ్మ గొంతు వినబడింది.

"గిప్పటిదాంక నా కన్ను గా డబ్బాల ఇరికిందా నాయనా?"

"బయటికెల్లింది పెద్దమ్మా," అన్నాడతను. "ఇగ పోయి పండుకో, పొద్దుగాల్ల ఆపరేషన్."