నౌషీన్ పరీక్షకు పెట్టిన పరీక్ష

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపో దాటుతలేవు, బడులకు తాళాలు. ఊరంతా ఉద్యమం ముచ్చటే. కోరుట్లల సైకిళ్లు బాగుచేసే జానీమియా బిడ్డ నౌషీన్‌కు మాత్రం వేరే రంది. ఎం.ఏ. సైకాలజీ ఆఖరు ఏడు. పదేండ్ల పిల్లలు ఎట్ల ఆలోచిస్తరో కొలిచి ప్రాజెక్టు రాయాలె. కొలిచే పరీక్షే సరైంది దొరుకుతలేదు.

లైబ్రరీల దొరికిన ఒకదాన్ని తెలుగులకు మార్చి, సమ్మెకు ముందే ఇరవై మందికి రెండుసార్లు పెట్టి చూసింది. మొదటిసారి పద్దెనిమిది తెచ్చుకున్న పిలగాడు మూడు వారాలకు తొమ్మిదికి దిగిండు. బీడీలు చేసే పోచమ్మ మనుమరాలు సుమలత రెండుసార్లూ అందరి కంటే కిందనే ఉన్నది. ప్రశ్నలేమో ఓడల గురించి, లిఫ్టుల గురించి. ఆ పిల్ల ఎన్నడన్న చూసిందా?

"ఒక్క పిలగానికే రెండు తీర్ల మార్కులొస్తే అది పరీక్ష కాదమ్మా, లాటరీ," అన్నడు గైడు సారు ఫోన్ల. "సిరిసిల్లల మంజుల మేడమ్ అని రిటైరైన లెక్చరర్ ఉన్నది. ఆమె దగ్గర మాటల్లేని పరీక్ష ఉండాలె, పోయి అడుగు."

బస్సుల్లేకపోతే ఏంది? జానీమియా తన టీవీఎస్ బండి తీసిండు. "కూసో బేటా, పోదాం."

జగిత్యాలల రోడ్డు మీదనే వంటావార్పు. పొయ్యిల పొగ, డప్పుల మోత. ఒక పెద్దమనిషి బండికి అడ్డం నిలబడ్డడు. నౌషీన్ సంగతి చెప్పంగనే నవ్విండు. "సదువు పనా? పోనిస్తం బిడ్డా. కని తినకుంట మాత్రం పోనియ్యం." జానీమియా రెండుసార్లు వడ్డించుకొని, "జై తెలంగాణ" అని అందరికంటే గట్టిగ అరిచిండు.

సిరిసిల్లల మంజుల మేడమ్ బీరువలకెళ్లి అట్టల కట్ట తీసింది. అట్ట అట్టకూ గళ్లు, గీతలు, చుక్కలు. ఒక మూల ఖాళీ. కింద ఆరు ముక్కలు. ఏది అతుకుతదో పిల్ల వేలు పెట్టి చూపిస్తే చాలు.

"మంచిగున్నదని నేను చెప్తే నమ్మకు," అన్నది మేడమ్. "నువ్వు సుత రెండుసార్లు పెట్టి చూడు."

బడులు బందున్నా బతుకమ్మ ఆటకు వాడ పిల్లలంత పోచమ్మ వాకిట్లనే ఉంటున్నరు. నౌషీన్ అరుగు మీద ఒక్కొక్కల్ని కూసోబెట్టింది.

"గీ గళ్లు చూస్తే తెలివి తెలుస్తదా బిడ్డా?" అడిగింది పోచమ్మ.

"అదే నేను సుత చూస్తున్న అవ్వా."

మూడు వారాలకు మళ్ల పెట్టింది. రాత్రి కాకముందే రెండు వరుసల మార్కులు పక్కపక్కన రాసి చూస్తే, ఎవ్వరికీ రెండుకు మించి తేడా లేదు. సుమలతకు ముప్పై ఆరుకు మొదట ముప్పై ఒకటి, ఇప్పుడు ముప్పై రెండు. అందరికంటే పైన! నౌషీన్‌కు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గైడు సారుకు ఫోన్ చేస్తే, "ఇగ అసలు పని మొదలువెట్టు," అన్నడు.

తెల్లారి జానీమియా దుకాణంల పని ఆపి, "నాకు సుత పెట్టు," అన్నడు. పన్నెండో అట్ట కాడ చిక్కుకొని గడ్డం గోక్కుంటుంటే, చైను పడ్డ సైకిల్ పట్టుకొని వచ్చిన సుమలత తొంగిచూసి, టక్కున నాలుగో ముక్క మీద వేలు పెట్టింది. జానీమియా నవ్వు బజారంతా వినపడ్డది.