నాయిన కలిపిన బియ్యం, అమ్మ ఏరిన బియ్యం

ఈ కథలో రక్తం ఉంది, ఇనుము ఉంది, ఒకే కప్పు కింద ఉంటూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఎదురెదురుగా పోరాడిన ఇద్దరు యోధులున్నారు, ప్రాణం మీదికి వచ్చే ఘట్టం కూడా ఉంది. హరికథ చెప్పేవారి చేతికిస్తే తెల్లవార్లూ సాగదీస్తారు. అలాగే మొదలుపెట్టాలని నాకూ ఉంది గానీ, నిజం చెప్పాలంటే ఇది రేషన్ బియ్యం ఏరిన ముచ్చట. యోధులు మా అమ్మానాయినలు. ఆయుధం చేట.

జ్ఞాపకాలు రాయడానికి నా వయసు చాలదని తెలుసు. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. కానీ నా ఈడు వాళ్లందరూ ఇప్పటికే ‘మా కాలంలో’ అని మాట మొదలుపెడుతున్నారు కనుక, నా జుట్టు కూడా అదే అభిప్రాయానికి వస్తున్నది కనుక, మీరేమీ అనుకోరని ధైర్యం. మొన్న ఆదివారం, సూర్యాపేటలో మేము కిరాయికుంటున్న ఇంటి ఓనరమ్మ గుప్పిట బిగించి మెట్లెక్కి వచ్చి, దొంగబంగారం చూపినంత గుట్టుగా వేళ్లు విప్పింది. “తమ్మీ, జర గిది సూడు. బియ్యంల ప్లాస్టిక్ గింజలు! మనల సంపుతరా ఏంది వీళ్లు?” అన్నది. కాస్త పసుపు తిరిగి, పక్క గింజల మెరుపు లేకుండా, పెళ్లికి వచ్చి ఎవరితోనూ కలవని చుట్టంలా ఉన్న ఆ గింజలను చూడగానే నాకు మిర్యాలగూడలో మా ఇంటి వాకిలి, నీడ తిరిగిన మధ్యాహ్నం, కాళ్లు చాపుకుని చేట ఒళ్లో పెట్టుకున్న మా అమ్మ, అన్నీ కళ్లముందుకు వచ్చాయి.

అప్పుడు నేను డిగ్రీ ముగించి ‘ప్రిపేర్ అవుతున్నాను’ అనే ఉద్యోగంలో ఉన్నాను. జీతం లేదు గానీ సెలవులు బాగా ఉండేవి. నాయిన ఊరి చివర రైసు మిల్లులో పనిచేసేవాడు. పొద్దు పొడవకముందే పోయి, దీపాలు పెట్టే వేళకు తల నిండా తవుడు దుమ్ముతో, అకాలంగా ముసలివాడైన మనిషిలా తిరిగి వచ్చేవాడు. మిల్లు సంగతులు ఇంట్లో చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఇంటి సంగతులు మిల్లులో చెప్పే అలవాటూ లేదు. మొత్తం మీద చెప్పే అలవాటే లేదు.

ఆ ఏడు మా అక్కను తొలి కాన్పుకు కోదాడ నుంచి తీసుకొచ్చాం. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మర్యాద అంటారు గానీ, అది ఆడపిల్ల తల్లికి పెట్టే పరీక్ష కూడా. అత్తగారు అప్పుడప్పుడూ వచ్చి పేపరు దిద్దిపోతుంది. అక్క మొహం సున్నం కొట్టిన గోడలా ఉండేది, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేయించి, రక్తం బాగా తక్కువుందనీ, ఇలాగే ఉంటే కాన్పు ఇక్కడ చేయడం కుదరదనీ, పెద్ద దవాఖానకు రాయాల్సి వస్తుందనీ చెప్పి, ఇనుము మాత్రలిచ్చి పంపింది. దారిలో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. మా అమ్మ మాట్లాడకపోవడం మా వీధిలో వార్త.

కారణం నాకు లీలగా తెలుసు. అమ్మకు ఒక అక్క ఉండేది. కాన్పుకు పోయి తిరిగి రాలేదు. ఆమె ఫోటో ఇంట్లో ఉండేది గానీ, ఆమె మాట ఎప్పుడూ వచ్చేది కాదు.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఎరుపు యుద్ధం మొదలైంది. ఎర్రగా ఉన్నదల్లా రక్తమవుతుందని అమ్మ సిద్ధాంతం. బీట్‌రూట్, దానిమ్మ, క్యారెట్ అన్నీ అక్క కడుపులోకి కవాతు చేశాయి. టమాటాతో ఆపమని నేను బతిమాలాను. ఈ లెక్కన ఎర్రమట్టి దాకా పోయేలా ఉందని. కోదాడ అత్తమ్మ ఒకసారి వచ్చి అక్క బుగ్గ పట్టుకుని చూసి, “ఏంటి వదినా, పిల్ల ఇలా పాలిపోయిందేంటి? మా ఇంట్లో ఉన్నప్పుడు కాస్త నదురుగానే ఉండేదే!” అని ఒక చిన్న మాట మాత్రమే అని, చాయ్ తాగి వెళ్లిపోయింది. ఆ చిన్న మాట అమ్మ గొంతులో చేపముల్లులా చాలా రోజులుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రేషన్ బియ్యంలో ఆ వింత గింజలు కనిపించడం మొదలైంది. అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగురుతున్న వీడియో ఒకటి వీధిలో అన్ని ఫోన్లలోకీ వచ్చింది. అసలే రక్తం లేని పిల్ల, పైన ప్లాస్టిక్ తింటే ఏమవుతుందోనని అమ్మ మధ్యాహ్నం నిద్ర మానేసింది. రోజూ అన్నం తిన్నాక వాకిట్లో చేట పట్టుకుని కూర్చుని, కళ్లు చికిలించి, ఒక్కొక్క గింజను ఏరి కోళ్లకు విసిరేది. ఒకసారి ఏరిన బియ్యాన్నే అక్క కోసం మళ్లీ ఏరేది. మా కోళ్లకు ఎవరూ రక్తపరీక్ష చేయించలేదు గానీ, ఆ నెలల్లో వాటి నడకలో ఒక పొగరు వచ్చిన మాట నిజం.

రెండోసారి పరీక్షకు పోతే అక్క రక్తం వీసమెత్తు కదలలేదు. డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. అమ్మ ఇంటికొచ్చి మూడోసారి కూడా ఏరడం మొదలుపెట్టింది.

ఇంతలో ఒకరోజు మిల్లులో కరెంటు పోయి నాయిన మధ్యాహ్నమే ఇల్లు చేరాడు. చేట ముందు నిలబడి కాసేపు చూశాడు.

“ఏం చేస్తున్నవే గిది?”

“కండ్లు లేవా? ప్లాస్టిక్ ఏరుతున్న.”

“ప్లాస్టిక్కా? ఎవడు జెప్పిండు?”

“ఊరంత చెప్తున్నది.”

“ఊరోళ్లకేం ఎరుక? అవి మిల్లుల నేనే కలుపుత.”

అమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. కోళ్లు కూడా తల ఎత్తి చూశాయి. “నువ్వా? కన్నబిడ్డ తినే బియ్యంల నువ్వే ప్లాస్టిక్ కలుపుతున్నవా!” అని గొంతెత్తేసరికి పక్కింటి గోడ మీద రెండు తలలు మొలిచాయి.

తన జీవితంలో అంత పొడుగు ఉపన్యాసం నాయిన ఆ రోజుకు ముందెప్పుడూ ఇవ్వలేదు, ఆ తర్వాతా ఇవ్వలేదు. అది బియ్యప్పిండేననీ, అందులో ఇనుమూ ఇంకేవో బలం మందులూ కలిపి, మళ్లీ గింజలా ఒత్తుతారనీ, రక్తం తక్కువున్న వాళ్ల కోసమే బియ్యంలో ఇన్ని అని కొలత ప్రకారం కలుపుతారనీ చెప్పాడు. అమ్మ అంతా విని, “బియ్యాన్ని పిండి చేసి మళ్ల బియ్యం చేసుడెందుకు? పనిలేదా మీకు?” అన్నది. దానికి నాయిన, “పొద్దంత నిలబడి నేను కలుపుతుంటె, నువ్వు కూసొని ఏరుతున్నవా?” అని మాత్రం అన్నాడు, నీరసంగా. ఇంత పెద్ద మిల్లు చేసిన పనిని ఒక చేట చెడగొట్టగలదని ఆయనకు అప్పుడే తెలిసింది.

తగవు తీర్పుకు డాక్టరమ్మ దగ్గరికి చేరింది. నాయిన ఉతికిన చొక్కా వేసుకుని, గెలవబోయేవాడిలా కూర్చున్నాడు. ఆవిడ నవ్వి, ఇకమీదట ఏరొద్దని అమ్మకు చెప్పి, కానీ ఒక్క బియ్యంతోనే ఇంత లోటు పూడదు, అసలు పని మాత్రలదే అని అక్క వైపు తిరిగింది. “మాత్ర ఎట్ల వేసుకుంటున్నవు తల్లీ?”

“పొద్దున చాయ్ తోటి, మేడమ్.”

“అదే కొంప ముంచింది. చాయ్ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. ఎవరిస్తున్నరు నీకు చాయ్?”

నాయిన తల ఎత్తి ఫ్యాను రెక్కలను పరిశీలించసాగాడు. ఆయనకు చేతనైన ఒకే ఒక్క వంట చాయ్. అక్క బడికి పోయే రోజుల నుంచీ, మిల్లుకు పోయేముందు బిడ్డకు తన చేత్తో చిక్కగా కాచి ఇవ్వడం ఆయన ప్రేమకున్న ఏకైక భాష. ఇప్పుడు సాసర్లో మాత్ర పెట్టి మరీ ఇచ్చేవాడు. అంటే అన్నంలోది అమ్మ ఏరేసింది, మాత్రలోది నాయిన చాయ్‌తో కట్టేశాడు. ఇద్దరూ ప్రాణంగా చూసుకుని పిల్లను సరిసమానంగా ఎండబెట్టారు.   బస్సులో ఇద్దరూ చెరో కిటికీలోంచి చూస్తూ వచ్చారు.

మర్నాటి నుంచి నాయిన నిమ్మకాయ పిండిన నీళ్ల గ్లాసు తెచ్చి, అక్క మాత్ర మింగేదాకా పరీక్ష హాల్లో సారులా నిలబడేవాడు. తన చాయ్ మాత్రం బయట మెట్టు మీద, దొంగతనంగా సిగరెట్ తాగేవాడిలా, అక్కకు కనబడకుండా తాగేవాడు. అమ్మ తోటకూర, రాగి జావ, బెల్లం పల్లీల మీద పడింది. ఏరడం మాత్రం మానలేదు! ఈసారి ఇంటిల్లిపాదీ తినే బియ్యంలోంచి ఆ గింజలు ఏరి అక్క గిన్నెలో వేయసాగింది. “మందే గదా, జర ఎక్కువేస్తె ఏమైతది?” అన్నది. అది లెక్కతో కలిపేదని నాయిన మళ్లీ మొత్తుకున్నాడు. చివరికి రాళ్లు మాత్రమే ఏరేలా రాజీ కుదిరింది. చేటలో ఆ గింజ ఎదురైనప్పుడల్లా అమ్మ వేలు దాని మీద ఒక్క క్షణం ఆగి, తలమీద నిమిరినట్టు నిమిరి, ముందుకు పోయేది.

తర్వాతి పరీక్షలో రక్తం కాస్త కదిలింది, ఆ తర్వాత ఇంకాస్త. పెద్ద దవాఖానకు రాయనక్కర్లేదని డాక్టరమ్మ చెప్పిన రోజున అమ్మ కోదాడకు ఫోన్ చేసి, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు ఆ కబురు చేరవేసింది.

కాన్పు రోజు నర్సు బయటికి వచ్చి ఆడపిల్ల అని చెబితే అందరూ నవ్వారు, అమ్మ ఒక్కతే నవ్వలేదు. “నా బిడ్డకు రక్తం బాగ పోయిందా అమ్మా?” అని అడిగింది. ఎక్కువేం పోలేదు, తల్లి బాగుందని నర్సు చెప్పాక, గోడకు ఆనుకుని నేల మీద కూలబడి, మా పెద్దమ్మ గురించి మొదటిసారి నాతో మాట్లాడింది. ఆమెకూ మెట్లెక్కితే ఆయాసం వచ్చేదట, ఆమె మొహమూ అలాగే పాలిపోయి ఉండేదట, అందరూ ముద్దుగా తెల్లబడిందనుకున్నారట. ఎవరికీ తెలవకపాయె బిడ్డా, అన్నది. ఎలాంటి ఏడుపుకైనా ఒక చమత్కారం సిద్ధంగా ఉంచుకునే నాకు, ఆ పూట ఏదీ దొరకలేదు.

ఇప్పుడు అక్క కోదాడలోనే ఉంది, మేనకోడలు ఇల్లు పీకి పందిరి వేస్తున్నది. నాయిన మోకాళ్లు మొరాయించి మిల్లు మానేశాడు. అమ్మ కంటికి శుక్లాలు వచ్చి ఏరడం మానేసింది. మా ఇంట్లో బియ్యం సంచిలోంచి నేరుగా కుక్కర్లోకి దూకుతుంది. ఎవరూ చూడరు, చూడాల్సినంత చెత్తా ఉండదు. అది మంచిదే. కాకపోతే నేను తినబోయే ప్రతి గింజనూ నాకంటే ముందు ఒక మనిషి కళ్లు చికిలించి చూసిన రోజులు ఉండేవి. ఆ మనిషి చూసింది తప్పే కావచ్చు, కానీ చూసింది. ఇప్పుడు మన ఆరోగ్యం గురించి ఫోన్ చెబుతుంది, డబ్బా మీద అచ్చువేసిన చిన్న అక్షరాలు చెబుతాయి, చాలావరకు సరిగానే చెబుతాయి. వాకిట్లో కూర్చుని తప్పు చేసేంత తీరిక మాత్రం మా ఓనరమ్మకు తప్ప ఎవరికీ లేదు; ఆవిడకు ఈ కథంతా చెప్పి, గుప్పిట్లోవి మళ్లీ బియ్యంలోనే వేయమన్నాను.

అన్నట్టు, ఇనుము మాత్రలు వాడే రోజుల్లో దొడ్డికి నల్లగా వస్తుంది. మామూలే, కంగారు పడకండి.