వినకముందే చెప్పిన బుద్ధి

కూసో. గట్ల తలుపు కాడ నిలబడి కాదు, నా ముందట కూసొని మంచిగ విను. ఆ ఫోన్ పక్కకు పెట్టు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలె, నీ బడి తెలుగుల దిద్దద్దు. ఇయ్యాల నాకు యాష్టకొచ్చి ఉంది, మీ అమ్మ అన్నానికి పిలిచేలోపల అయిపోవాలె. నడిమిట్ల ఆపితె మల్ల మొదటికెల్లి చెప్పుడు నాతోని కాదు.

మన క్వార్టర్ల మన గుడికి పోయేటోళ్లవి నాలుగే ఇండ్లు. ఎవలకు ఏ కష్టమొచ్చినా నా దగ్గరికే వస్తరు. అక్టోబర్ నెల జపమాల నేను చెప్పిస్త గదా, అందుకని ఈ అవ్వకు దేవుని సంగతులన్ని తెలుసనుకుంటరు. వాళ్లనుకుంటె అనుకున్నరు, నేను గూడ గట్లనే అనుకున్న. లొల్లంత అక్కడ్నే.

వెనుక లైన్ల ఒక పిల్ల ఉంటది. పిల్ల అంటున్న గని ఆమెకు డిగ్రీ చదివే కొడుకున్నడు. పెనిమిటి బొగ్గు బాయిల చేస్తడు. మొన్న తపస్సుకాలంల ఒక శుక్రవారం, సిలువమార్గం అయిపోయి ఇంటికొచ్చి నేను చింతపండు గింజలు తీస్తున్న. ఆమె వచ్చి పక్కన కూసున్నది. తను గూడ రెండు కాయలు చేతిలకు తీసుకున్నది.

"అవ్వా, ఒక మాట అడగాలె. ఎవలకు చెప్పద్దు మల్ల."

"నేనెవలకు చెప్త? చెప్పు బిడ్డా."

"మా ఆయనకు దవాఖానల మెడికల్ ఉంది. గదే, అన్‌ఫిట్ ముచ్చట. డాక్టర్ల ముందట నన్ను అబద్ధం ఆడుమంటుండు. ఆడితె..."

గంతట్నే ఆపిన. ఎందుకాపిన్నో నీకు చెప్పాలె. మనిషికి పానం బాగలేదు, బాయి దిగలేడు అని డాక్టర్లు అన్‌ఫిట్ రాస్తె, ఆ నౌకరి కొడుకుకు వస్తది. మన దిక్కు నవ్వులాట ఏందంటె, మెడికల్‌కు పోయేటప్పుడు కుంటుకుంట పోతరు, వచ్చేటప్పుడు బస్సు వెంబడి ఉరుకుతరు. అందరు గట్ల కాదు, నిజంగ పానం పోగొట్టుకున్నోళ్లు ఎంతమంది లేరు! గని అన్‌ఫిట్ అన్న మాట చెవుల పడంగనే నాకు ఆ నవ్వులాటే యాదికొచ్చింది.

"రాయోలె ఉన్న మొగోన్ని రోగిష్టోన్ని చేస్తరా?" అన్న. "కొడుకు నౌకరి కోసం దేవుని ముందట అబద్ధమా? గా నాలుక మీద సత్ప్రసాదం ఎట్ల పెట్టుకుంటవే?"

ఆమె నా దిక్కు చూసింది. చేతిలున్న గింజలు పళ్లెంల వేసింది. "సరే అవ్వా" అని లేచి పోయింది. నాకేమో ఎంత సంబురం! మంచి బుద్ధి చెప్పిన అనుకున్న. ఆ పొద్దు జపమాల గూడ గట్టిగ చెప్పుకున్న.

అటెన్క ఐతారం పూజల చూస్తె, ఆమె చెప్పులిడిసే కాడ, ఆఖరి చాప మీద కూసున్నది. ఫాదర్ సత్ప్రసాదం అప్పం పెట్టేటప్పుడు అందరు లేచిన్రు, ఆమె లేవలే. మల్ల వారం గూడ లేవలే. ఈస్టర్ పండుగనాడు, ఏడాదికోపాలి గుడి మొఖం చూసేటోళ్లు గూడ లైన్ల నిలబడ్డరు, ఆమె మాత్రం తల వంచుకొని కూసున్నది. నా నోట్ల ఉన్న సత్ప్రసాదం నాకే దిగలే. తొవ్వల పట్టుకొని అడిగితె "పానం మంచిగ లేదవ్వా" అని జల్ది జల్ది నడిచింది.

నేనన్న మాటతోని ఒక మనిషి దేవునికి దూరమాయె. దాన్ని ఎట్ల సక్కగ చేసుడు? ఎవల్నడుగుడు?

నా పెండ్లయిన కొత్తల ఒక ముసలి ఫాదర్ ఉండె. మీ తాత తాగి డ్యూటీ ఎగ్గొట్టినప్పుడల్ల నేను పోయి ఏడ్చేదాన్ని. వరండల కూసోపెట్టి, నా ఏడుపు అయిపోయేదాక ఆయన నోరు తెరవకపోతుండె. నేను లేచినంక "రేపు మల్ల రా బిడ్డా" అంటుండె. గంతే. ఇప్పుడట్ల ఎక్కడుంది? కొన్నేండ్లకొక ఫాదర్ మారుతడు. నా కత సగంకొచ్చేసరికి ఆయనకు ట్రాన్స్‌ఫర్. కొత్తాయనకు మల్ల మొదటికెల్లి చెప్పాలె, పెండ్లెప్పుడయింది, మీ తాత ఎప్పుడు పోయిండు. చెప్పి చెప్పి నా పాపాలు నాకే కంఠస్తమైనయి.

ఇప్పుడున్న ఫాదర్ ఆంధ్ర దిక్కు పిల్లగాడు. నన్ను అమ్మమ్మా అంటడు. పూజకు ముందుగాల పాపసంకీర్తనం లైన్ల నిలబడ్డ. నా ముందట పదిమంది, వెనుక ఐదుగురు.

"ఫాదర్, మా వెనుక లైన్ల ఒకామె..."

"అమ్మమ్మా, మీ పాపాలు చెప్పండి. పక్కింటివాళ్ళవి వద్దు."

"నా పాపం ఆమె దగ్గర్నే ఉంది ఫాదర్."

"పూజకు టైమైపోయింది. మూడు మంగళవార్త జపాలు చెప్పుకోండి."

మూడు కాదు, ముప్పై చెప్పిన. ఆమె లేవలే.

బుధవారం ఆటోల పోయిన. ఫాదర్ లేడు, కమాన్‌పూర్ దిక్కు ఊళ్లల్ల పూజకు పోయిండట. శనివారం మల్ల పోయిన. అప్పటికే హెల్మెట్ పెట్టుకొని బండి స్టార్ట్ చేసిండు, మందమర్రిల మీటింగట. నేను పోయి బండి హ్యాండిల్ పట్టుకున్న. ఇడవలే. ఆయన నా మొఖం చూసి బండి బంద్ చేసిండు. మొత్తం చెప్పిన.

"ఆవిడ మిమ్మల్ని ఏమడిగింది అమ్మమ్మా?"

"చెప్పిన గదా ఫాదర్, అబద్ధం ఆడుమంటుండని."

"ఏం అబద్ధం?"

"అన్‌ఫిట్ ముచ్చట."

"అది దేని గురించో చెప్పారు. అబద్ధమేంటి?"

'ఆడితె' అని ఆమె అన్నది, అటెన్క ఆమె ఏమనేదో నాకేం తెలుసు? నేను అననియ్యలే గదా.

"వెళ్ళి అడగండి. అడిగాక మీరు మాత్రం మాట్లాడకండి" అని బండి స్టార్ట్ చేసుకొని పాయె.

నాకు ఎంత కోపమొచ్చిందంటె! రెండుసార్లు ఆటోల పోయింది దేనికి? ఏం చెయ్యాల్నో చెప్తడని. ఈయనేమో నన్ను నోరు మూసుకొమ్మని చెప్పి పాయె. ఇంటికొచ్చేదాక తిట్టుకుంటనే ఉన్న. దేవుడు మాఫ్ చెయ్యాలె.

నిన్న పొద్దుగాల, ఆమె పెనిమిటి ఫస్ట్ షిఫ్టుకు పోయినంక, వాళ్లింటికి పోయిన. ఆయన బాయి బట్టలు ఉతుకుతుంది. నీళ్లు నల్లగ పోతున్నయి. గడప మీద కూసున్న. నేను మాట్లాడకుంట కూసునుడంటె ఎట్లుంటదో నీకు ఎరికే గదా, నోట్ల నాలుక చేపోలె కొట్టుకుంటుంది.

"మల్ల తిట్టనీకొచ్చినవా అవ్వా?" అన్నది.

"లేదు బిడ్డా. గానాడు నువ్వు చెప్పింది నేను మొత్తం వినలే. ఇప్పుడు చెప్పు."

ఉతికిన అంగి పిండి బకెట్ల వేసింది. అటెన్క చెప్పింది.

"అన్‌ఫిట్ చేయించుకునేతందుకు కాదవ్వా. అన్‌ఫిట్ కావద్దనే ఆయన తండ్లాట. నాలుగు మెట్లెక్కితె ఆయాసం. పండుకుంటె ఊపిరాడక లేచి కూసుంటడు. డాక్టర్లు అడిగితె ఇంట్ల మంచిగనే ఉంటడని చెప్పుమన్నడు. అన్‌ఫిట్ అయితె నౌకరి పిల్లగాని మీదికొస్తది, చుట్టాలందరు దింపు దింపు అంటరు. నేను సచ్చినా సరే, నా కొడుకు మాత్రం బాయి దిగద్దు అంటుండు."

"నువ్వేం చెప్పినవు మరి?"

"మంచిగనే ఉంటడని చెప్పిన. రోజు దిగుతుండు. ఎక్కి వచ్చేదాక నా పానం నా దగ్గరుండదు. ఇగ గా నాలుక మీద సత్ప్రసాదం ఎట్ల పెట్టుకుందునవ్వా? నువ్వే అంటివి."

అందరు నౌకరి కోసం రోగం చూపిస్తరు గదా, ఈయన కొడుకు కోసం రోగం దాస్తుండు. నా మాట నా మొఖం మీద్నే కొట్టినట్టయింది. యాభై మాటలు గొంతుదాక వచ్చినయి. పాపసంకీర్తనం చేసుకో అందునా, డాక్టర్ దగ్గరికి ఉరుకు అందునా. అన్నిటిని మింగిన. "ఇంకేమన్న ఉందా బిడ్డా?" అన్న, గంతే. ఆ మాటకు ఆమె ఏడ్చింది.

ఏడ్చి, మొఖం కడుక్కొని అన్నది. "ఆయనకు చెప్పి మల్ల దవాఖానకు తోల్కపోవాలె. డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాలె. నా ఒక్కదానితోని కాదు. రేపు షిఫ్టు దిగినంక నువ్వచ్చి పక్కన కూసుంటవా? నువ్వేం మాట్లాడద్దు, కూసుంటె చాలు."

చూసినవా, ఈమె గూడ గదే మాట! వస్తనన్న. ఇంకో గడియైతె ఆయన షిఫ్టు దిగుతడు. నన్ను చూసి మూతి ముడుస్తడు, బండ మనిషి. మాట్లాడకుంట ఉండుడెట్లనో నాకు తెల్వదు. ఒక్క మాట అంట, ఒక్కటే, గదన్న అననియ్యి అని ఆమెను బతిలాడిన. రాస్తున్నవా? ఆయనకు చెప్పే మాటేందంటె, నీ కొడుకు బాయి దిగద్దంటె ముందుగాల నువ్వు...

"అత్తమ్మా! అన్నం పెట్టిన, రాండ్రి! సల్లారుతుంది!"