కట్టని తల్లులు

ధర్మవరంలో మా వీధిలో మగ్గం లేని ఇల్లు లేదు, మగ్గం గుంజకు కట్టకుండా పెరిగిన బిడ్డా లేదు. గుంత మగ్గం నేసేవాళ్లకు కాళ్లు గుంతలో, చేతులు అడ్డపోగును అటూ ఇటూ లాగే నాడె మీద, కళ్లు జరీ మీద ఉంటాయి. ఇంక పాకే బిడ్డను చూసేదెవరు? అందుకే పాత చీర పేలికను బిడ్డ నడుముకు చుట్టి గుంజకు కడతాం. పొడుగు కొలిచి మరీ కడతాం. బిడ్డ చాపంతా తిరగాలి, గుంత అంచు మాత్రం అందకూడదు. ఇప్పుడు బడికి పోతున్న నా ఇద్దరు కూతుళ్లూ అట్లా పెరిగినవాళ్లే.

పోయినేడు కొత్తచెరువు నుంచి ఒక చిన్నామె మా వీధి చివరి ఇంట్లోకి బాడుగకు వచ్చింది. మొగుడు బెంగళూరులో పని. ఏడాది నిండిన ఆడబిడ్డ. పెళ్లిచీర ఎట్లా నేస్తారో చూపిస్తానని ఒక యూట్యూబ్ చానెల్ ఆయన ఆమె ఇంటికి పోయాడు. చీర కన్నా గుంజకు కట్టిన బిడ్డే ఆయన కంటికి బాగా ఆనింది. సాయంత్రానికి ఆ వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. బిడ్డ ఏడ్చే ముక్కను మూడుసార్లు తిప్పి వేసి, పైన ‘కన్నతల్లా? కసాయా?’ అని ఎర్రక్షరాలు పెట్టాడు. ఆ బిడ్డ ఏడ్చింది ఆయన లైటుకు జడుసుకుని.

మర్నాడు మైకు పట్టుకుని మా ముంగిళ్లకే వచ్చాడు. మీరూ ఇట్లాగే కడతారా అని నన్నడిగాడు.

“ఎద్దులను కడతారప్పా, బిడ్డలను యాడన్నా కడతారా? నేనైతే ఒళ్లో పెట్టుకొనే నేసినా” అన్నాను.

ఒళ్లో బిడ్డతో గుంత మగ్గం నేయడం దేవుడికి కూడా చేతకాదు. నేనట్లా అన్నాక పక్కింటామె ఊరుకుంటుందా? బిడ్డ నిద్రపోతేగానీ నాడె ముట్టలేదంది. ఎదురింటామె ఏకంగా మూడేళ్లు మగ్గమే మూసేశానంది. ఆ మూడేళ్లూ ఆమె మగ్గం చప్పుడుకు నాకు మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు. గురివింద తన కింది నలుపెరగదంటారు. మేం ఎరిగే మాట్లాడాం.

అందరిలోకీ నా మాటలున్న వీడియోనే ఎక్కువ మంది చూశారు. తనకల్లు నుంచి చుట్టాలు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. దాచడమెందుకు, నాకు సంతోషమైంది. ఆ వీడియో నేనే పదిసార్లు చూసుకున్నాను.

చిన్నామె కొళాయి దగ్గరికి వస్తే మాటలు ఆగిపోయేవి. ఏదో ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి, మళ్లీ కడితే బిడ్డను తీసుకుపోతామని చెప్పిపోయారట. నాలుగు రోజులు ఆమె మగ్గం మూగబోయింది. తర్వాత మొదలైంది గానీ, నాడె నాలుగుసార్లు ఆడేది, ఆగేది. మళ్లీ ఆడేది, ఆగేది. ఆగినప్పుడల్లా ఆమె లేచి బిడ్డను గుంత దగ్గర నుంచి లాగుతోందని వీధిలో ప్రతి ఆడదానికీ తెలుసు. నేను చెవి అటే పెట్టి నేసేదాన్ని. ఆ చప్పుడు ఆగితే భయం, మళ్లీ ఆడితే ఇంకా భయం. పోయి ‘కట్టుకోమ్మా, మేమూ కట్టినాం’ అని ఒక్క మాట చెప్పాలంటే నాకు ఇరవై అడుగులు. చెబితే చానెల్లో చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. నేను పోలేదు.

ఒక మంగళవారం పొద్దున ఆ చప్పుడు ఆగింది. కాసేపటికి అరుపు వినిపించింది.

పెద్దాసుపత్రిలో బిడ్డ తలకు కట్టుతో పడుకుని ఉంది. కళ్లు తెరవలేదు. రెండు రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. నేను ఫ్లాస్కులో టీ తీసుకుని పోయాను. నన్ను చూసి మొహం తిప్పుకుంటుందనుకున్నాను. ఆమె జరిగి బల్ల మీద చోటిచ్చింది.

“అక్కా, నీ వీడియో ఎన్నిసార్లు చూసినానో. ఒళ్లో పెట్టుకొని నేసేకి శానా చూసినా. నాకు రాలేదు. యాడ తప్పు చేస్తాండానో తెలీలేదు” అంది నా చెయ్యి పట్టుకుని. “నువ్వెట్ల నేసినావో నాకు ఒకసారి చూపిస్తావా?”

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో పక్క మంచం దగ్గరున్న ఒకామె, వీడియోల్లో చూసిన మా ఇద్దరినీ గుర్తుపట్టి, మమ్మల్ని తీయడానికి ఫోను పైకెత్తింది.

“చూపిస్తాలేమ్మా” అన్నాను.