ముప్పై వేల ముప్పై ఒకటి

మా చిన్నప్పుడు... మా దీవిలో ఫెరార్గంజ్ రోడ్డు పక్కన పడౌక్ కలప దుంగలు పేర్చి ఉండేవి. ప్రతి దుంగకూ కోసిన ముఖం మీద తెల్ల రంగుతో ఒక నంబరు. లారీ వచ్చేదాకా అవి మావే.

బడి నుంచి వస్తూ తలా ఒక నంబరు ఎంచుకుని భాగించేవాళ్ళం. దేనితోనూ నిశ్శేషంగా పోని నంబరు ఎవరికి దొరికితే వాళ్ళు ఆ దుంగ ఎక్కి కూర్చోవాలి. మిగతావాళ్ళు నిలబడాలి. నోటు పుస్తకాలు ఓడలో రావాలి కనుక లెక్కలన్నీ బొగ్గుతో దుంగ మీదే...

ఒకరోజు నాకు 30031 దొరికింది. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు... దేనితో భాగించినా ఒకటే మిగిలింది. ఆరుసార్లూ ఒకటి. ఇక చూడక్కర్లేదనిపించి ఎక్కి కూర్చున్నాను.

మా వెనకింటి సరోజ ఒప్పుకోలేదు.

"పదమూడు కాడే ఆగిపోనావేటి? ఆగే భీ తో దేఖ్."

ఇంకా ముందుకు చూడమని తనే బొగ్గు తీసుకుని పదిహేడుతో మొదలుపెట్టింది. ఈలోగా లారీ వచ్చింది. దుంగలెత్తే భయ్యా ఆమెను చూసి, దీదీ పరీక్ష అయ్యాకే ఎత్తుతామని నవ్వుతూ బీడీ ముట్టించాడు. ఆమె తల ఎత్తలేదు. యాభై తొమ్మిది దగ్గర శేషం సున్నా వచ్చింది. యాభై తొమ్మిది అయిదువందల తొమ్మిదులు.

"దిగు" అంది. దిగాను.

కాలేజీకి వెళ్ళాక కారణం తెలిసింది. ఆ ఆరు సంఖ్యలనూ గుణించి ఒకటి కలిపితే వచ్చేదే 30031. అందుకే ఆరింటికీ ఒకటి మిగిలింది. అంతమాత్రాన అది ప్రధాన సంఖ్య అయిపోదు... ఇదంతా సరోజకు రెండు పేజీల ఉత్తరం రాశాను. జవాబు ఒక్క వాక్యం. నేను ఆ రోజే చెప్పాను కదా, అని. మరుసటి ఏడు మా పెళ్ళయింది.

పట్నంలోని మిడిల్ పాయింట్‌లో దాదాపు యాభై ఏళ్ళ కాపురం. పోయినేడు ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. ఇక్కడ చేయించిన పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. కాగితాలు మడిచి బీరువాలో పెడుతుంటే అడిగింది.

"ఓపాలి వైజాగెళ్ళి చూపిద్దామేటండి?"

ఒక్కసారే అడిగింది.

"అన్నీ బాగానే ఉన్నాయి కదా సరోజా" అన్నాను.

నాలుగు నెలల తరువాత వెళ్ళాం. అప్పటికి డాక్టర్లు చేయగలిగింది ఏమీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు, కిటికీ పక్కన కూర్చుంటావా అని మాత్రం అడిగాను. తల ఊపింది. నన్ను ఏమీ అనలేదు... చివరిదాకా అనలేదు. అన్నా బాగుండేది.

ఇప్పుడు ఆ రోడ్డు పక్కన దుంగలు లేవు. ఎంత పెద్ద సంఖ్యనైనా మా మనవడి ఫోను రెప్పపాటులో విడదీసి చూపిస్తుంది. పిల్లలకు సంతోషమే.

మీ చిన్ననాటి నేస్తం ఇంకా మీ ఇంట్లోనే తిరుగుతూ ఉంటే... ఆ పేరు కింద రాయండి. చదువుతాను.