వీపున తగిలే కర్ర

కుప్పం పక్క నీలగిరి తోపుల్లో చెట్లు కొట్టే పనికి మునిచంద్ర కొత్త. మొన్నటిదాకా కురబలకోటలో గొర్రెలు కాసినవాడు. బోరు ఎండి, గొర్రెలు అమ్ముకుని, పెళ్లాంతో ఇక్కడికి వచ్చాక భుజం మీద కంబళి పోయి మిషన్ రంపం వచ్చింది. ఇప్పటికీ కోత పెట్టేముందు, గొర్రెను నిమిరినట్టు బెరడును అరచేత్తో ఒకసారి నిమురుతాడు. రంపం మోతలో మనిషి అరుపు వినపడదు. అందుకే కోసేవాడి వెనక పొడుగాటి వెదురు కర్ర పట్టుకుని ఒకరు చెట్టు కొననే చూస్తూ నిలబడతారు. కొన కదిలిందా, వీపున పొడుస్తారు. కర్ర తగిలితే రంపం అక్కడే వదిలేసి పరుగెత్తాలి. "రంపం పోతే ఇంకోటి వస్తాది. ఎనక్కి తిరిగి సూడొద్దప్పా," అని మొదటిరోజే చెప్పాడు ముసలి ఓబులప్ప. మునిచంద్ర వెనక కర్ర పట్టేది ఆయనే.

గురువారం రంపం మానులో ఇరుక్కుంది. వీపున కర్ర తగిలింది. ముళ్లకంపలో చిక్కిన గొర్రెపిల్లను లాగినట్టు మునిచంద్ర రంపాన్ని లాగుతూనే ఉన్నాడు. మళ్లీ తగిలింది. మూడోసారి తగిలింది కర్ర కాదు, ఓబులప్ప రెండు చేతులు. ఆయన తోసిన ఊపుకు మునిచంద్ర పక్కకు పడ్డాడు. చెట్టు ఓబులప్ప మీద పడింది.

ముసలాయన్ను మట్టి చేసి వచ్చిన సాయంత్రం మునిచంద్ర అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు. భార్య రోజా వెనక నుంచి వచ్చి, "రోంతన్నా తిను," అంటూ వీపు మీద చెయ్యి వేసింది. కంచం అక్కడే వదిలేసి వాకిలి దాటి పరుగెత్తాడు. వీధి చివరిదాకా వెనక్కి తిరిగి చూడలేదు.